మిగులు ఎవరిది? విశ్వవిద్యాలయాల స్వయంపోషక సేవల విధానం గురించి

అమెరికా విశ్వవిద్యాలయాలలో విద్యార్థుల వసతి గృహాలు, భోజనశాలలు, పార్కింగ్, పుస్తకాల దుకాణం వంటి సేవలు ట్యూషన్ ఫీజు మీదగాని, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నిధుల మీదగాని ఆధారపడకూడదనీ, వాడుకునేవారు చెల్లించే రుసుముతోనే తమ ఖర్చు తాము వెళ్లదీసుకోవాలనీ ఒక విధానం ఉంటుంది. వీటిని ఆక్సిలరీ సేవలు అంటారు. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఆర్థిక విభాగంలో ఈ సేవల లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఈ విధాన పత్రాలు ఆడిటర్లు వచ్చినప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రావు. కానీ విద్యార్థి కట్టే డబ్బును ఎవరు, ఎంతవరకు, దేనికోసం ఖర్చు పెట్టవచ్చో తేల్చేవి ఇవే. అందులోనూ సంవత్సరాంతంలో మిగిలిన సొమ్ము గురించిన భాగం చాలా చోట్ల రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. నా ఆందోళన అంతా ఆ రెండు వాక్యాల గురించే.

స్వయంపోషణ అనే నియమం న్యాయమైనదని నా నమ్మకం. కారు లేని విద్యార్థి కట్టిన ట్యూషన్‌తో పార్కింగ్ భవనం కట్టడం తప్పు. ఇంటి నుంచి వచ్చిపోయే విద్యార్థి మీద వసతి గృహం నష్టాన్ని మోపడమూ అంతే తప్పు. ప్రభుత్వ సంస్థల లెక్కల ప్రమాణాలను నిర్ణయించే గాస్బీ 1999లో వెలువరించిన 34వ ప్రమాణం కూడా ఇదే దారిలో సాగుతుంది. ఒక సేవ తీసుకున్న అప్పుకు ఆ సేవ రుసుములే ఏకైక హామీగా ఉన్నా, తరుగుదలతోనో అప్పు వాయిదాలతోనో సహా మొత్తం ఖర్చు రాబట్టాలని చట్టమో ధరల విధానమో నిర్దేశించినా, ఆ సేవను వ్యాపార సంస్థ తరహాలోనే లెక్క చూపాలని ఆ ప్రమాణం చెబుతుంది. అదే ఏడాది వచ్చిన 35వ ప్రమాణం ఈ పద్ధతిని ప్రభుత్వ కళాశాలలకూ విశ్వవిద్యాలయాలకూ వర్తింపజేసింది.

చిక్కు అంతా 'మొత్తం ఖర్చు' దగ్గర మొదలవుతుంది. సిబ్బంది జీతాలు, సరుకు ధర, యంత్రాల మరమ్మతు అందరికీ కనిపిస్తాయి. ఆ సేవ వాడుకునే భవనం, కరెంటు, నీరు, జీతాల విభాగం చేసే పని, కొనుగోళ్ల విభాగం వేసే టెండర్లు, న్యాయ సలహా, భద్రతా సిబ్బంది గస్తీ వీటిలో దాని వాటా ఎంతో లెక్కకట్టకపోతే, పైకి లాభంలో ఉన్నట్టు కనిపించే దుకాణం నిజానికి తరగతి గదుల డబ్బుతో నడుస్తున్నదన్నమాట. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు ఆక్సిలరీ సేవల నుంచి పరిపాలనా రుసుము పేరిట ఏటా కొంత శాతం వసూలు చేస్తాయి. ఇది సమంజసమే. అయితే ఆ శాతం ఏ లెక్కన వచ్చిందో చూపించమని అడిగితే జవాబు రాని సందర్భాలు ఉన్నాయి. ఖర్చుకు తగిన వాటాగా మొదలైన ఆ రుసుము, బడ్జెట్ లోటు వచ్చిన ఏడాదల్లా కాస్త కాస్త పెరుగుతూ, చివరికి వసతి గృహ విద్యార్థుల మీద కనిపించని పన్నుగా మారుతుంది. సేవల నుంచి తక్కువ తీసుకుంటే ట్యూషన్ కట్టేవారికి అన్యాయం, ఎక్కువ తీసుకుంటే సేవ వాడుకునేవారికి అన్యాయం. కాబట్టి లెక్కకట్టే పద్ధతిని విధానంలోనే రాసి, కొన్నేళ్లకొకసారి తిరిగి లెక్కించి, ఫలితాన్ని ప్రకటించాలి.

రుసుము నిర్ణయం ఎంత సున్నితమైన పనో చెప్పడానికి ప్రింట్ షాపును తీసుకుంటాను. అరవై వేల డాలర్ల యంత్రం ఒకటి కొని, దానికి ఐదేళ్ల ఆయుష్షు వేశామనుకుందాం. ఏటా పన్నెండు వేలు తరుగుదల. ఏడాదికి ఆరు లక్షల పేజీలు అచ్చయితే పేజీకి రెండు సెంట్లు ఆ యంత్రం ఖాతాలోకి వెళ్తాయి. పాఠ్యాంశాలు, దరఖాస్తులు ఒక్కొక్కటిగా తెరమీదికి మారి పేజీల సంఖ్య మూడు లక్షలకు పడిపోతే, అదే తరుగుదల పేజీకి నాలుగు సెంట్లు అవుతుంది. జీతాల సంగతీ అంతే; పని సగమైనంత మాత్రాన ఆపరేటరు జీతం సగం కాదు. రుసుము పెంచితే విభాగాలు బయటి ముద్రాపకుల దగ్గరికి పోతాయి, పేజీలు ఇంకా తగ్గుతాయి, మళ్లీ రుసుము పెంచవలసి వస్తుంది. ఈ దశలో పాత రుసుముకే నెట్టుకొస్తూ నష్టాన్ని వచ్చే ఏడాదికి తోసేయడం చాలా తేలిక. కాబట్టి వరుసగా ఎన్నేళ్లు లోటు వస్తే పునరుద్ధరణ ప్రణాళిక ఇవ్వాలో, దాన్ని ఎవరికి ఇవ్వాలో, అదీ ఫలించకపోతే ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. లోటు పెరిగిన తరువాత రాసుకునే నియమంలో అప్పటి మేనేజరు మీద ఉన్న అభిమానమో కోపమో కలిసిపోతుంది.

ప్రింట్ షాపు విషయంలో ఇంకో మెలిక ఉంది. దాని ఖాతాదారుల్లో పరిశోధన ప్రాజెక్టులు కూడా ఉంటాయి, వాటిలో చాలా వాటికి డబ్బు ఫెడరల్ ప్రభుత్వం నుంచి వస్తుంది. అలాంటి గ్రాంట్ల ఖర్చును నియంత్రించే నిబంధనలు ప్రత్యేక సేవా కేంద్రాల గురించి, అంటే ప్రింట్ షాపులా ప్రధానంగా సొంత విభాగాలకే పనిచేసేవాటి గురించి, స్పష్టంగానే చెబుతాయి. ఫెడరల్ ప్రాజెక్టుకు ఒక ధర, విశ్వవిద్యాలయపు సొంత విభాగానికి ఇంకో ధర పెట్టి వివక్ష చూపకూడదు. మొత్తం మీద ఖర్చుకు మించి రాబట్టకూడదు. కనీసం రెండేళ్లకొకసారి ధరలను సవరిస్తూ, గతంలో ఎక్కువ వసూలైనా తక్కువ వసూలైనా ఆ తేడాను సర్దాలి. విద్యార్థులకూ బయటివారికీ సేవలందించే ఆక్సిలరీకి మిగులు ఉండవచ్చు, ఉండాలి కూడా. ప్రధానంగా సొంత విభాగాలకే పనిచేసే కేంద్రానికి ఆ వెసులుబాటు లేదు. ఈ రెండింటినీ ఒకే నియమం కిందకు తెచ్చిన విధానాలు ఏదో ఒక రోజు ఆడిట్‌లో దొరికిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వసతి గృహానికి మిగులు ఎందుకు ఉండాలి? పైకప్పు, లిఫ్టు, బాయిలరు, నీటి గొట్టాలు అన్నీ ఒకనాటికి మార్చవలసినవే, ఆ ఖర్చు ఒక్క ఏడాది అద్దెల్లోంచి వచ్చేది కాదు. పైగా భవనం బాండ్లతో కట్టినదైతే, ఖర్చులు పోను నికర ఆదాయం ఏటి వాయిదా కంటే నిర్ణీత నిష్పత్తిలో ఎక్కువగా ఉండాలని బాండ్ల ఒప్పందం సాధారణంగా కోరుతుంది. అందువల్ల ఏటా కొంత పక్కన పెట్టడం దురాశ కాదు, బాధ్యత. ఈ ఏడాది గదిలో ఉన్న విద్యార్థి పైకప్పును కొంత అరగదీశాడు, ఆ అరుగుదల ఖరీదు అతనే ఇచ్చి వెళ్తున్నాడు.

అలా చేరిన సొమ్మును మరో పనికి మళ్లించడం నేను కళ్లారా చూశాను. పైకప్పు కోసమని కొన్నేళ్లపాటు అద్దె పెంచుతూ కూడబెట్టిన నిధిని, ఒక బడ్జెట్ సంక్షోభంలో, ఒకే ఒక్క జర్నల్ ఎంట్రీతో, అంటే లెక్కల పుస్తకంలో ఒక్క నమోదుతో, విశ్వవిద్యాలయపు సాధారణ నిధికి బదిలీ చేశారు. సంతకాలు సక్రమంగానే ఉన్నాయి, అప్పటి విధానం దాన్ని నిషేధించలేదు. కానీ మేడమీది అంతస్తు విద్యార్థులు ఆ తరువాత కూడా వాన పడినప్పుడల్లా నడవాలో బకెట్లు పెట్టుకున్నారు, మరుసటి ఏడాది అదే పైకప్పు పేరు చెప్పి అద్దె మళ్లీ పెంచారు. డబ్బు ఇచ్చి పట్టా పుచ్చుకుని వెళ్లిపోయిన విద్యార్థులకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. వారి తరఫున అడగగలిగినది ఆ విధాన పత్రం ఒక్కటే, అది మౌనంగా ఉంది. నా పట్టుదలకు మూలం ఇదే. నిల్వ నిధికి కనీస మొత్తం ఎంతో, గరిష్ఠ మొత్తం ఎంతో విధానంలో ఉండాలి. గరిష్ఠం దాటితే రుసుము తగ్గించాలి. వేరే పనికి మళ్లించాలంటే పాలకమండలి బహిరంగ సమావేశంలో తీర్మానించాలి, తిరిగి చెల్లించే గడువు ఆ తీర్మానంలోనే ఉండాలి.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. న్యూయార్క్ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల కోసం 1947లో మ్యూలర్ అనే మాకరోనీ కంపెనీని కొని, దాని లాభాలు విద్యాసంస్థవి కాబట్టి పన్ను లేదని వాదించారు. దానిమీద చెలరేగిన విమర్శల ఫలితంగానే 1950లో, విద్యతో సంబంధం లేని వ్యాపార ఆదాయంపై పన్ను వచ్చింది. విద్యార్థుల, ఉద్యోగుల సౌకర్యం కోసం ప్రధానంగా నడిపే సేవలకు ఇందులో మినహాయింపు ఉంది, కనుక వసతి, భోజనం సాధారణంగా దీని పరిధిలోకి రావు. ఫుట్‌బాల్ మైదానపు పార్కింగును ఏడాది పొడవునా బయటివారికి అద్దెకిస్తే మాత్రం ఆ ప్రశ్న తప్పక ఎదురవుతుంది. 2017 చట్టం తరువాత ఒక వ్యాపారపు నష్టాన్ని మరో వ్యాపారపు లాభంతో కలిపి చూపించే వీలూ పోయింది. అందుకే బయటి ఖాతాదారులకు అమ్మే ముందు పన్నుల విభాగం అనుమతి తీసుకోవాలన్న నియమం ఉండటం మంచిది. పొరుగు వ్యాపారులు పన్ను కడుతూ మనతో పోటీ పడుతున్నారన్న గౌరవమూ అందులో ఇమిడి ఉంది.

స్వయంపోషణకు అసలైన పరీక్ష 2020 మార్చిలో వచ్చింది. క్యాంపస్‌లు మూతపడ్డాయి, గది అద్దెలు, భోజన రుసుములు వాపసు ఇవ్వవలసి వచ్చింది, బాండ్ల వాయిదాలు మాత్రం ఆగలేదు. ఆ డిసెంబరులో వచ్చిన రెండో కోవిడ్ సహాయ చట్టం కోల్పోయిన ఆదాయాన్ని భర్తీ చేసుకోవడానికి అనుమతించింది కాబట్టి చాలా సంస్థలు గట్టెక్కాయి. అప్పటిదాకా నిలబెట్టింది మాత్రం చేతిలో ఉన్న నిల్వలే. నిధులు మళ్లించిన చోట ముందుగా పోయినవి గంటల లెక్కన పనిచేసే వంటవారి, శుభ్రపరిచేవారి ఉద్యోగాలు.

సేవను బయటి సంస్థకు దీర్ఘకాలం అప్పగించడం ఇంకో మార్గం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం 2012లో తన పార్కింగును 50 ఏళ్లకు లీజుకిచ్చి 48 కోట్ల 30 లక్షల డాలర్లు ఒకేసారి తీసుకుంది, రుసుము పెంపుకు ఒప్పందంలోనే పరిమితి పెట్టింది. ఆ సొమ్ము దీర్ఘకాలిక పెట్టుబడిగా మారింది కాబట్టి దాన్ని తొందరపాటు అనలేను. అయినా 50 ఏళ్లంటే ఇంకా పుట్టని విద్యార్థులు కూడా కట్టబోయే రుసుము. అంత పెద్ద నిర్ణయానికి మామూలు కొనుగోలు నియమాలు చాలవు. ధర, సేవా ప్రమాణం, మధ్యలో విరమించుకునే షరతు విద్యార్థి ప్రతినిధుల ముందు చర్చకు రావాలి.

చివరగా, విధానాలు దాదాపు ఎప్పుడూ పట్టించుకోని విషయం సేవను మూసివేయడం. ప్రారంభించడానికి వ్యాపార ప్రణాళిక, మూడేళ్ల అంచనాలు, నాలుగు సంతకాలు అడుగుతాం. మూసేటప్పుడు మిగిలిన లోటు ఏ నిధి భరించాలో, ఫెడరల్ నిధులతో కొన్న పరికరం ఏదైనా ఉంటే దాన్ని ఎలా వదిలించుకోవాలో, సిబ్బందికి ఎంత ముందుగా చెప్పాలో, ముందే డబ్బు కట్టిన ఖాతాదారులకు ఎన్ని రోజుల్లో వాపసు ఇవ్వాలో అడగం. ఈ ఏడాది మా విధాన సవరణ కమిటీకి నేను ఇస్తున్న ముసాయిదాలో మొదటి అంశంగా నిల్వ నిధిని, రెండో అంశంగా ఈ మూసివేత నియమాలను పెట్టాను.