తమ్ముడి గైడులో నా లెక్కలు

చిన్నప్పుడు విశాఖపట్నం ప్యాసింజర్ ఎక్కితే విజయనగరం దాటాక కోరుకొండ వచ్చేది. అక్కడ రైలు ఆగగానే కిటికీ కోసం తమ్ముడూ నేనూ కొట్టుకునేవాళ్లం, సైనిక్ స్కూలు పిల్లలు కనిపిస్తారేమోనని. విజయనగరం రాజుల కోటలో 1962లో పెట్టిన బడి అని నాన్న ప్రతిసారీ కొత్త విషయంలా చెప్పేవాడు. తమ్ముణ్ణి చూస్తూ చెప్పేవాడు.

1991లో వాడి చేత ఎంట్రన్స్ రాయించారు. వాడికి లెక్కలంటే జ్వరం. రాత్రి అన్నాలయ్యాక వాడు కునికిపాట్లు పడుతుంటే, గైడులోని లెక్కలు పెన్సిల్‌తో నేను చేసేదాన్ని. నాకప్పుడు పన్నెండేళ్లు. నేనూ రాస్తానని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు, అది మగపిల్లల బడి, అంతే. వాడికి సీటు రాలేదు. నాన్న వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. ఐదో తరగతి చదువుతున్న వాడి కూతురికి అప్లికేషన్ నింపుతున్నాడట. "అక్కా, అమ్మాయి అని నొక్కితే తీసుకుంటోందే!" అన్నాడు. ఆ మాటకి నాకెందుకో గొంతు పట్టేసింది.

2018లో మిజోరంలోని ఛింగ్‌ఛిప్ సైనిక్ స్కూల్లో ముందుగా అమ్మాయిల్ని చేర్చుకుని చూశారు. 2021-22 నుంచి మిగతా సైనిక్ స్కూళ్లలోనూ ఆరో తరగతిలో చేర్చుకుంటున్నారు. ఖాళీల్లో పది శాతం, లేదా పది సీట్లు, ఏది ఎక్కువైతే అది. తలుపు ఓరగా తీశారన్నమాట. ఇంత చదివే పిల్లలున్న దేశంలో పది సీట్లేమిటని నాకు కోపమే. కానీ సైనికాధికారుల్ని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, అదే ఎన్‌డీఏ సంగతి చూడండి: అమ్మాయిల్నీ పరీక్ష రాయనివ్వమని 2021లో సుప్రీంకోర్టు చెప్పాక, 2022లో తొలి అమ్మాయిలు చేరారు, 2025 మేలో పదిహేడు మంది పాసై బయటికొచ్చారు. ఆ ఫోటో మా మేనకోడలు ఫ్రిజ్ మీద అంటించుకుంది.

ఇంట్లో గొడవలు మామూలే. మరదలికి జడ కత్తిరించేస్తారేమోనని టెన్షన్. మా అమ్మయితే "ఆడగుంటకి మిలట్రీ బడేటి?" అని రెండు రోజులు సణిగి, మూడో రోజు హాస్టల్‌కి ఏం పచ్చడి కట్టాలో అడిగింది.

పరీక్ష 300 మార్కులకి. అందులో సగం లెక్కలే. 125 ప్రశ్నలు, రెండున్నర గంటలు. పిల్ల ఓఎంఆర్ షీట్ల మీద గుండ్రాలు దిద్దడం ప్రాక్టీసు చేస్తూ వేళ్లన్నీ ఇంకు చేసుకుంటోంది. గీత దాటితే నాలుక కరుచుకుంటుంది, అచ్చం వాళ్ల నాన్నలాగే.

కిందటి ఆదివారం అటక మీంచి ఆ పాత గైడు దించాను. అట్ట లేదు, చెదలు ఒక మూల తినేశాయి, నా పెన్సిల్ రాతలు మాత్రం ఉన్నాయి. గొప్పగా దాని చేతికిచ్చాను. కాసేపు తిప్పి చూసింది.

"అత్తా, ఇది తప్పు."

ఒక కుళాయి తొట్టిని 6 గంటల్లో నింపుతుంది, ఇంకోటి 12 గంటల్లో ఖాళీ చేస్తుంది, రెండూ తెరిస్తే ఎప్పటికి నిండుతుంది? నేను 4 గంటలని వేసి, కింద గీత కూడా కొట్టాను.

"రెండోది ఖాళీ చేస్తోంది కదా, నువ్వు కలిపేశావ్. పన్నెండు గంటలు." అంటూ నా పెన్సిల్ అంకె మీద పెన్నుతో ఇంటూ కొట్టేసింది.