మ్యూలర్ పక్కన నాన్న పేరు

మ్యూనిక్ వచ్చిన నాలుగో నెలలో నా కోడ్ మీద వచ్చిన కామెంట్ ఇది: "ఈ లైను నా పేరులోంచి ఒక అక్షరం తీసేస్తోంది. తప్పు. మార్చండి." అంతే. ముందు ఒక హలో లేదు, చివర ఒక థాంక్స్ లేదు, టీమ్ అంతా చూసేచోట రాశారు మా సీనియర్. హైదరాబాద్‌లో అయితే మా లీడ్ టీకి పిలిచి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి, "ఆ రెజెక్స్ ఒకసారి చూస్కో తమ్ముడూ" అనేవాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

నేను రాసింది ఒక్క లైనే, రెజెక్స్, అంటే టెక్స్ట్‌లో ఫలానా అక్షరాలను వెతికి పట్టే కోడ్. కస్టమర్ పేర్లలో పిచ్చి గుర్తులు వస్తున్నాయని, ఏ నుంచి జెడ్ వరకున్న చిన్న, పెద్ద అక్షరాలూ స్పేసూ తప్ప ఏం కనిపించినా ఖాళీతో రీప్లేస్ చేయమన్నాను. ఇండియాలో ఏళ్లుగా అదే రాశాను, ఎవరూ ఏమీ అనలేదు, మన ఫారాలు ఎక్కువగా ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లోనే నింపుతాం కదా. ఇక్కడ మ్యూలర్ అనే పేరులో యూ మీద రెండు చుక్కలుంటాయి. నా లైను చుక్కలతో ఆగలేదు, అక్షరాన్నే ఎత్తేసింది. ఈ ఊరి పేరును జర్మన్‌లో రాసినా అదే అక్షరం, రోజూ స్టేషన్‌లో చూస్తూనే ఉన్నాను.

ఇంటిపేరు ముందా, పేరు ముందా అని ప్రతి కౌంటర్ దగ్గరా నా పేరు ముక్కలు చేస్తున్నారని అమ్మతో ఫోన్లో చెప్పుకుని బాధపడేవాణ్ణి, ఇంకొకరి పేరుకి అదే పని చేశాను. అది ఒప్పుకుంటాను. అయినా ఆ మాట పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సరే, ఏ టు జెడ్ తీసేసి, ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చి ఏది ఏ రకమో చెప్పే యూనికోడ్‌లోని ప్రాపర్టీ పెట్టాను: బ్యాక్‌స్లాష్, చిన్న పి, బ్రాకెట్లలో పెద్ద ఎల్. ఏ భాష అక్షరమైనా దానికి దొరుకుతుంది. మ్యూలర్ చక్కగా వచ్చింది. ఎందుకో నాన్న పేరు తెలుగులో కొట్టి చూశాను. వెంకటేశ్వర్లు అని ఇస్తే వకటశవరల అని వచ్చింది! యూనికోడ్ లెక్కలో క, ట, ర అక్షరాలే గానీ ఏత్వం, కొమ్ము, సున్న, పొల్లు అక్షరాలు కావు, మార్కులు. వాటికోసం పెద్ద ఎం కూడా కలపాలి. గుణింతం లేకపోతే పేరేం మిగిలింది?

ఎం ఎందుకని సీనియర్ అడిగితే నాన్న పేరు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, యూ వేరుగా, చుక్కలు వేరుగా నిల్వయ్యే ఫైళ్లు జర్మన్‌లోనూ వస్తాయని, ఎం లేకపోతే వాటిలో చుక్కలు రాలిపోయేవని చెప్పారు. తర్వాత ఆ పేరు ఎలా పలకాలో అడిగి, నెమ్మదిగా మూడుసార్లు అనుకున్నారు. కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టుల్లో మ్యూలర్ పక్కనే దాన్నీ ఉంచమన్నారు.

రాత్రి ఫోన్లో చెబితే నాన్న, "నా పేరు అక్కడ తెలుగులోనే ఉందా?" అని రెండుసార్లు అడిగారు.