మేకపిల్లకు బొడ్డు తెగాక: మా కొట్టంలో నా అనుభవం

మా దగ్గర మేకలు ఎక్కువగా వానాకాలంలోనే ఈనుతాయి. కొట్టమంతా తడి, ముక్కు పగిలే ఉచ్చ వాసన, ఎటు చూసినా ఈగలు. పిల్ల కింద పడగానే పచ్చి బొడ్డు ఆ మట్టిలోనే దొర్లుతుంది. ఈనడం మేక చూసుకుంటుంది, ఆ తర్వాతి గంటే నాకు టెన్షన్.

పోయిన వానాకాలంలో ఒక మేక, దానికి రెండో ఈత, రెండు పిల్లల్ని పెట్టింది. మొదటిదానికి బొడ్డుతాడు దానంతట అదే తెగి ఓ మూడంగుళాలు వేలాడుతోంది, అలా తెగితే దారం కట్టే పని కూడా ఉండదు. రెండోది ఇంకా జారుతుండగానే తల్లి లేచి నిలబడింది, తాడు పొట్టకు బాగా దగ్గరగా తెగి రక్తం కారడం మొదలైంది. చేతులు సబ్బుతో కడుక్కుని ఉన్నాను కాబట్టి వెంటనే మిగిలిన మొదలును వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకుని, కాసేపటికి అయోడిన్‌లో తడిపిన దారంతో ముడి వేశాను.

పక్కనే ఉన్న పెద్దనాన్న “కాస్త పేడా పసుపూ పెట్టరా, ఈగలు వాలవు” అన్నాడు. పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి, పచ్చి బొడ్డుకు అంతకంటే చెడ్డ మందు ఇంకోటి లేదు. “వద్దు పెద్దనాన్నా, అయోడిన్ సీసా తెచ్చాను” అన్నాను. గొణిగాడు గానీ పట్టుబట్టలేదు.

సీసా సంగతి కూడా చెప్పాలి. బయటి దేశాల వీడియోల్లో 7 శాతం టింక్చర్ అయోడిన్ అంటారు, అది పట్టుకుని ఇక్కడ మెడికల్ షాపులన్నీ తిరగకండి, మనకు మామూలుగా దొరికేవి 2 శాతం టింక్చర్, లేదంటే 5, 10 శాతం పోవిడోన్ అయోడిన్. నేను టింక్చరే వాడతాను, అందులో స్పిరిట్ ఉంటుంది కాబట్టి తాడు తొందరగా ఎండుతుంది. దూదితో పైపైన అద్దితే లాభం లేదు. దగ్గుమందు సీసా మూత నిండా పోసి, పిల్లను నిలబెట్టి, మూతను పొట్టకు గట్టిగా ఆనించి, అలాగే పట్టుకుని పిల్లను ఒక్కసారి వెనక్కి వంచితే తాడు మొదలు చుట్టూ ఉన్న చర్మం కూడా తడుస్తుంది. తీశాక పొట్ట మీద గుండ్రంగా గోధుమరంగు మరక పడాలి, పడకపోతే మళ్లీ ముంచడమే. మూతలో మిగిలింది పారబోయాలి, సీసాలోకి తిరిగి పోయకూడదు. తాడు ఎండేదాకా మొదటి రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రం ఇదే పని.

ఇంత ఎందుకంటే, ఆ తాడులోని సిర నేరుగా కాలేయానికి పోతుంది, ఇంకో గొట్టం మూత్రాశయానికి. అక్కడ చేరిన క్రిములు రక్తంలో కలిస్తే కీళ్లలోకి దిగుతాయి. పైగా మేకపిల్లకు తల్లి కడుపులో రోగనిరోధక శక్తి అందదు, ముర్రుపాలతోనే రావాలి, వాటిని పీల్చుకునే శక్తి కూడా పేగుకు మొదటి రోజుతోనే పోతుంది. అందుకే బొడ్డు ముంచిన చేత్తోనే చన్ను నోట్లో పెడతాను. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం మీద 200 మిల్లీలీటర్లైనా పడాలి.

ఇదంతా చేసినా ఆ రెండో పిల్ల వారం తిరక్కుండానే ముందుకాలు ఎత్తి నడవడం మొదలుపెట్టింది. మోకాలు ముట్టుకుంటే వేడి, బొడ్డు దగ్గర ఉసిరికాయంత గట్టి గడ్డ, నొక్కితే అరిచింది. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వచ్చింది. డాక్టర్ మేడమ్ ముందు ఆ గడ్డను లోపలికి నెట్టి చూసింది. మెత్తగా లోపలికి పోతే అది హెర్నియా, పేగు దిగి ఉంటుంది, చీముగడ్డ అనుకుని బ్లేడు పెడితే పిల్ల చచ్చిపోతుందట. ఇది కదల్లేదు. యాంటీబయాటిక్ సూదులు మొదలుపెట్టి, “కుంటడం తగ్గింది కదా అని మధ్యలో ఆపెయ్యకండి” అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లింది. కోర్సు మొత్తం చేయించాను. గడ్డ కరిగింది, పిల్ల మేతకు పోతోంది, కాకపోతే ఆ మోకాలు లావుగానే ఉండిపోయింది, మంద పరిగెడితే వెనకబడుతుంది.

బర్రెదూడకూ పద్ధతి ఇదే, కాకపోతే తాడు లావు కాబట్టి మూత చాలదు, డిస్పోజబుల్ టీ కప్పు కావాలి. తల్లి నాకేస్తే ఇంకోసారి ముంచండి.