అన్నయ్యకూ నాకూ ఒకే అంకె

ఎకోలో, అంటే గుండెకు తీసే స్కానింగ్‌లో, నా గుండె గోడ మందం 13 మిల్లీమీటర్లు వచ్చింది. మా అన్నయ్యకూ అంతే వచ్చింది. ఇద్దరం ఏళ్ల తరబడి దూరపు పరుగులు తీస్తున్నవాళ్లం. మారథాన్‌కు ముందు కలిసి వెళ్లి పరీక్ష చేయించుకున్నాం. ఆ డాక్టరు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని, "అన్నాచెల్లెళ్లకు గుండె కూడా ఒకటే! పరుగెత్తేవాళ్లకు గోడలు మందమవుతాయి, భయమేం లేదు" అన్నాడు. మెట్లెక్కితే దడ వస్తోందని, ఒకసారి కళ్లు బైర్లు కమ్మాయని చెప్పాను. "ఆడవాళ్లు కాస్త టెన్షన్ పడతారులెండి" అన్నాడు. నాతో కాదు, అన్నయ్య వైపు చూసి. రోగిని నేను, జవాబు ఆయనకు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత కొద్ది వారాలకే, పరుగు ముగించి నిలబడ్డ చోటే కుప్పకూలాను. అన్నయ్యే ఆస్పత్రికి చేర్చాడు.

ఆ రాత్రి గురించి చెప్పాలి. పగలంతా మామూలుగానే ఉంది. వార్డులో దీపాలు తగ్గించాక, ఛాతీలో ఏదో ఒక్కసారిగా పట్టు తప్పింది. గుండె కొట్టుకోవడం లేదు, వణుకుతోంది. మానిటర్ అరవడం మొదలుపెట్టింది. చేతులు చల్లబడ్డాయి, నోట మాట రాలేదు. కొన్ని క్షణాల్లో దానంతటదే సర్దుకుంది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదలు. నైట్ డ్యూటీ నర్సు డాక్టర్ని పిలిచి, నా మణికట్టు పట్టుకుని, "అమ్మా, నన్నే చూడండి, కళ్లు మూయకండి" అంటూ తెల్లవారేదాకా నా పక్కనే ఉంది. నిద్రపోతే మళ్లీ లేవనేమోనన్న భయంతో నా కూతురి పేరే జపంలా అనుకున్నాను. దేవుణ్ణి కూడా అడిగాను, సిగ్గు లేకుండా, పదే పదే. ఆ తల్లి చేయి ఆయన పంపిందేనని నా నమ్మకం.

తర్వాతి పరీక్షలన్నీ ఏకరువు పెట్టను. ఎంఆర్ఐలో, ఎకోకు సరిగ్గా అందని చోట గోడ 16 మిల్లీమీటర్లుంది, కండరంలో మచ్చలూ ఉన్నాయి. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అన్నారు. అంటే పరుగు పెంచిన మందం కాదు, పుట్టుకతో జన్యువులో వచ్చిన జబ్బు.

కొత్త డాక్టరమ్మ కుర్చీ నా మంచం దగ్గరికి లాక్కుని, విడమరిచి చెప్పారు. వ్యాయామానికి ఆడవాళ్ల గుండె, మగవాళ్ల గుండె ఒకేలా మారవు. బాగా సాధన చేసే ఆడవాళ్లలో గుండెలో రక్తం నిండే గది పెద్దదవుతుంది కానీ, గోడ అంతగా మందమెక్కదు. ఇటలీలో 600 మంది అగ్రశ్రేణి క్రీడాకారిణుల గుండెలు కొలిచి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కరికీ గోడ 12 మిల్లీమీటర్లు దాటలేదు. అక్కడే అంతకు ముందు, 1991లో వచ్చిన మరో అధ్యయనంలో 947 మంది క్రీడాకారుల్లో 16 మందికి 13 లేదా అంతకు మించి ఉంది. ఆ పదహారుగురూ మగవాళ్లే, దాదాపు అందరూ పడవ పందేలవాళ్లే. అంటే అన్నయ్యకు 13 అనుమానించి చూడాల్సిన అంకె, నాకు మాత్రం గంట మోగాల్సిన అంకె. పైగా అన్నయ్య గుండె గది వెడల్పు 58 మిల్లీమీటర్లు, నాది 41. నిజంగా పరుగు వల్లే గోడ పెరిగి ఉంటే గది కూడా పెరగాలి. ఆ 41 మొదటి రిపోర్టులోనే అచ్చయి ఉంది! పాతికేళ్ల కిందటే తేలిన సంగతి గుండె డాక్టరుకు తెలియకపోవడాన్ని నేను క్షమించలేను. ఈ జబ్బు ఆడవాళ్లలో ఆలస్యంగా, లక్షణాలు ముదిరాక బయటపడుతుందట. ఎందుకు పడదు మరి, చిన్న గుండెను పెద్ద గుండె కొలతతో చూస్తుంటే?

ఆ వెంటనే భయం అన్నయ్య మీదికి మళ్లింది. ఇంట్లో ఒకరికి ఈ జబ్బుంటే తోబుట్టువులకు 13 ఉన్నా అనుమానించాల్సిందేనట. ఆయన కిక్కురుమనకుండా మూడు నెలలు పరుగు మానేశాడు. సాధన వల్ల వచ్చిన మందమైతే విశ్రాంతిలో కరుగుతుంది. ఆయనది 11కు దిగింది. నాలో దొరికిన జన్యు లోపం ఆయనలో లేదు. ఆ ఫలితం విన్న రోజు నేను ఏడ్చినంతగా నా జబ్బు గురించి ఎప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు ఎడమ భుజం కింద ఐసీడీ ఉంది, గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చి సరిచేసే చిన్న పరికరం అది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర రోజూ వేసుకుంటాను. దడ బాగా తగ్గింది. పందేలు వద్దన్నారు, మోస్తరు వేగంతో జాగింగ్‌కు ఒప్పుకున్నారు. మాట్లాడగలిగేంత వేగం దాటను. అన్నయ్య తన వేగం మానుకుని నా పక్కనే నాతో సమానంగా వస్తుంటాడు. వద్దంటే వినడు.

పరుగెత్తే అక్కచెల్లెళ్లూ, రిపోర్టులో గోడ మందం ఒక్కటే చూసి ఊరుకోకండి. గది వెడల్పు ఎంతో అడగండి, ఆ కొలతలు ఆడవాళ్లకు ఎంతవరకు మామూలో అడగండి. శ్రమలో కళ్లు తిరిగితే టెన్షన్ అని ఎవరన్నా సరే, ఇంకో డాక్టర్ని చూడండి.

నా కూతురికి ఈ జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చే వారం తన పరీక్ష. తన కొలతలను తన ఒంటి పరిమాణంతో సరిపోల్చే చెబుతామని డాక్టరమ్మ చేత ముందే మాట తీసుకున్నాను.