పదేళ్లకే దారి తేల్చేస్తారు

మా వాడు జర్మనీలోని మ్యూనిక్‌లో నాలుగో తరగతి. మే మొదట్లో వాడికో సర్టిఫికెట్ ఇస్తారు. జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం, ఈ మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే నేరుగా గిమ్నాజియం, అంటే యూనివర్సిటీ దారి. 2.66 వరకు రియల్‌షూలే, అంటే పదో తరగతి దాకా సాగే మధ్యస్థాయి బడి. ఆ తర్వాత మిట్టెల్‌షూలే, అంటే వృత్తి పనుల వైపు నడిపే బడి. (ఇక్కడ 1 అంటే టాప్, 6 అంటే అట్టడుగు.) బెర్లిన్‌లో అయితే ఆరో తరగతి దాకా ఆగుతారు.

"విదేశాల్లో పిల్లలకి ఒత్తిడి ఉండదంట కదా" అని అమ్మ ఫోన్‌లో అంటుంటే నవ్వొస్తుంది. మన దగ్గర ఎంపీసీనా, బైపీసీనా అనే గొడవ కనీసం పదో తరగతి అయ్యాకే!

వివిధ దేశాల పదిహేనేళ్ల పిల్లల చదువుని పోల్చే పీసా పరీక్షలో 2000లో జర్మనీ సగటు కంటే కింద పడి, దేశమంతా గగ్గోలు పెట్టింది. అమ్మానాన్నల చదువు, సంపాదన పిల్లల మార్కుల్ని ఎంతగా శాసిస్తున్నాయో అప్పుడే బయటపడింది. మన తమిళనాడు, హిమాచల్ 2009 విడతలో దాదాపు చివర నిలిచాయి. 2012కి మనం వెళ్లనే లేదు. గగ్గోలు పెట్టడమే నయమనిపిస్తుంది నాకు.

ఇక్కడ నాకు నిజంగా అసూయ పుట్టించేది ఆస్‌బిల్డుంగ్. వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు వృత్తి పాఠశాల, నెలనెలా భత్యం. మా పక్కింటి అబ్బాయి అలాగే ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటున్నాడు. వాళ్ల నాన్న ఆ సంగతి తలెత్తుకుని చెబుతాడు. మన ఊళ్లో ఐటీఐలో చేరిన పిల్లాడి గురించి ఎంతమంది తండ్రులు అలా చెబుతారు?