ఫోమ్ ప్లగ్ నునుపు ఫోమ్ దగ్గర రాదు

ఫైబర్ మోల్డ్ తీయడానికి ఫోమ్‌తో ప్లగ్ (మోల్డ్ తీసే నమూనా) చేసేవాళ్లు చాలామంది ఫోమ్‌నే గంటలకొద్దీ నున్నగా అరగదీస్తారు. వృథా శ్రమ. ఫోమ్ ఇచ్చేది ఆకారం మాత్రమే. నునుపు దాని మీద పడే పొరల్లో వస్తుంది. అందుకే ఫోమ్‌ని అసలు కొలత కన్నా 2 మి.మీ. తక్కువగా చెక్కాలి. గ్లాసు క్లాత్, లప్పం (పుట్టీ), ప్రైమర్ కలిసి ఆ లోటు పూడుస్తాయి.

ఏ ఫోమ్ అన్నది ముందే తేలాలి. తెల్ల థర్మాకోల్, రంగుల్లో దొరికే గట్టి ఎక్స్‌పీఎస్ షీట్లు రెండూ పాలీస్టైరీనే. పాలిస్టర్ రెసిన్ తగిలితే అందులోని స్టైరీన్ వీటిని కరిగించేస్తుంది. కార్లకు వాడే లప్పం, చాలా స్ప్రే పెయింట్లూ అంతే. కాబట్టి మొదటి పొర స్టైరీన్ లేని ఎపాక్సీ రెసినే కావాలి. పీయూ (పాలీయురేథేన్) ఫోమ్‌కి ఈ బాధ లేదు కానీ దాన్ని వేడి తీగతో కోయకూడదు, విషవాయువులు వస్తాయి. రంపం, ఎమరీ పేపరు చాలు, మాస్కు తప్పనిసరి.

ముక్కలు అతికేటప్పుడు జిగురు అంచుకి 20 మి.మీ. దూరంలోనే ఆగాలి. జిగురు గీత ఫోమ్ కన్నా గట్టిది. చుట్టూ ఫోమ్ అరిగిపోయి గీత గట్టులా నిలబడుతుంది. పొడవాటి చెక్కకి 80 నంబరు గరుకు పేపరు అంటించి, ఐమూలగా రెండు వైపులా లాగండి. వేళ్లతో నొక్కి రుద్దితే గుంటలు ఖాయం. నిలువు గోడలకు 2–3 డిగ్రీల వాలు, మూలలకు కనీసం 3 మి.మీ. గుండ్రం ఇవ్వకపోతే మోల్డ్ ఊడి రాదు.

ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (సన్నటి బోలు గుళికల పొడి) చిక్కటి పెరుగులా కలిపి, ప్లాస్టిక్ రేకుతో రంధ్రాల్లోకి నొక్కి, అది గట్టిపడకముందే 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 200 గ్రాముల) గ్లాసు క్లాత్ రెండు పొరలు వేయాలి. ఈ పని సాయంత్రం పెట్టుకోండి. ఉదయం చేస్తే ఎండ ఎక్కేకొద్దీ ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి, తడి రెసిన్‌లో బుడగలు తేలుస్తుంది. సూదిబెజ్జం ఒక్కటి మిగిలినా తర్వాత స్టైరీన్ అందులోంచి దిగి లోపల గుల్ల చేస్తుంది.

ఎపాక్సీ గట్టిపడ్డాక, ముఖ్యంగా వానాకాలంలో, పైన జిడ్డు పొర తేలుతుంది. గోరువెచ్చని నీళ్లు, స్కాచ్‌బ్రైట్‌తో కడిగాకే పేపరు పట్టండి. కడగకుండా లప్పం వేస్తే అడుగున పచ్చిగా ఉండిపోయి, పెచ్చులుగా లేస్తుంది. లప్పంలో హార్డెనర్ బరువులో సుమారు 2 శాతం. మండు వేసవిలో కొంచెం తగ్గించవచ్చు, మరీ తగ్గిస్తే గట్టిపడదు.

లప్పం మీద నల్ల పెయింట్ పల్చగా చల్లి, పొడవు చెక్కతో అరగదీస్తే నలుపు మిగిలినచోట గుంట, ముందే పోయినచోట గట్టు. ఆకారం కుదిరేదాకా 80 నంబరు దాటకండి. గుంటల్నీ గట్టుల్నీ పెద్ద నంబరు నున్నటి పేపరుతో తీయాలనుకోవడం చేతులు నొప్పెట్టుకోవడమే.

ఆపైన పాలిస్టర్ ప్రైమర్ మూడు నాలుగు కోట్లు. 180, 320, తర్వాత నీళ్లతో 400 నుంచి 1200 దాకా. మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ పైకోటుగా వద్దు, మోల్డ్ తొలి పొరైన జెల్‌కోట్ పడగానే ముడతలు పడుతుంది. ప్రైమర్‌ని వారం ఆరనివ్వండి. తొందరపడితే అది కుంచించుకునేటప్పుడు క్లాత్ నేత పైకి కనిపిస్తుంది. తర్వాత మైనం అయిదారు కోట్లు, కోటుకీ కోటుకీ గంట విరామం, చివర మోల్డ్ అంటుకోకుండా పీవీఏ ద్రావణం.

జెల్‌కోట్ మీద మోల్డ్ మొదటి మ్యాట్ (గ్లాసు పీచు పొర) ఒక్కటే వేసి గట్టిపడనివ్వండి. నాలుగైదు ఒకేసారి వేస్తే రెసిన్ కాగుతుంది. 80 డిగ్రీల దరిదాపుల్లో పాలీస్టైరీన్ మెత్తబడి, కింద ప్లగ్ కుంగి, మోల్డ్ ఆ వంకరతోనే గట్టిపడుతుంది.