సో వాట్, ఖరహరప్రియ, తంబురా యాప్

పొద్దుట్నించీ మళ్లీ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బం 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959లో న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో, మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డయింది. ఆ స్టూడియో అంతకుముందు చర్చి. ఆ గది గాలి డ్రమ్స్ వెనక తెలుస్తుంటుంది.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లు అందులో మొదటి పాట 'సో వాట్'తో మొదలెట్టండి. పాశ్చాత్య స్వరం డి (D) షడ్జం అనుకుంటే స్వరాలు అచ్చం ఖరహరప్రియ రాగానివే. గమకాలు వెతక్కండి, ఉండవు. మొదట్లో పియానో, బేస్ తాళం లేకుండా తిరుగుతాయి, అక్కడ లెక్క పెట్టొద్దు. బేస్ పల్లవి ఎత్తుకున్నాక ఆదితాళం వేయండి: ఎనిమిది ఆవర్తనాలు డి, నాలుగు ఆవర్తనాలు అరస్వరం పైన, మళ్లీ నాలుగు డి. ఇదే చక్రం చివరిదాకా.

చిక్కు ఆ మధ్య నాలుగింటిలోనే. మనకి శ్రుతి కదలదు, ఇక్కడ షడ్జమే జరుగుతుంది. తంబురా యాప్ ఆన్‌లో ఉంటే చెవులు గీరుకుపోతాయి, ఆపేయండి. మైల్స్ రెండు చక్రాలు వాయిస్తాడు, శాక్సఫోన్ వాయించే కోల్ట్రేన్ రెండు, మరో శాక్సఫోన్ కానన్‌బాల్ రెండు. మైల్స్ ఖాళీలు వదిలే చోటల్లా కోల్ట్రేన్ కూరేస్తాడు. నా ఓటు మైల్స్‌కే.

పాత ఎల్పీతో కలిపి వాయిస్తే మొదటి వైపు మూడు పాటలకీ శ్రుతి కలవదు. వయొలిన్‌ని అనుమానించకండి. అవి రికార్డయిన మార్చి 2న టేప్ మెషీన్ నెమ్మదిగా తిరిగింది, అందుకే మామూలు వేగంలో పెడితే శ్రుతి హెచ్చుతుంది. 1992 నుంచి సరిచేసిన ప్రతులొచ్చాయి, సాధనకి అవే పెట్టుకోండి.